ఇంటర్ హాస్టల్లో ఉన్న పిల్లకి ఫోన్లో ధైర్యం ఎలా చెప్పాలి? మీ అనుభవాలు చెప్పండి

తెనాలి_అమ్మ
మా పాప విజయవాడ దగ్గర రెసిడెన్షియల్ కాలేజీలో సీనియర్ ఇంటర్, బైపీసీ. దసరా సెలవులకి వచ్చి వెళ్లిన దగ్గర్నుంచి మనిషి మనిషిలా లేదు. ఆదివారం పది నిమిషాలు ఫోన్ ఇస్తారు, అందులో సగం ఏడుపే. వీకెండ్ టెస్ట్ ముందు రోజు కడుపునొప్పి, వాంతులు. స్కానింగ్ తీయించాం, ఏమీ లేదన్నారు. రాత్రి నిద్ర పట్టదు, పొద్దున స్టడీ అవర్లో కునుకు తీస్తే ఇన్‌చార్జి నిలబెడతాడు. ఇవి చాలవన్నట్టు పోయిన నెల స్టార్ బ్యాచ్‌లోంచి తీసి కింది సెక్షన్లో వేశారు. ఆ పది నిమిషాల్లో నేనేం మాట్లాడాలి? ఇంటికి తెచ్చేసుకోవాలా, పరీక్షల దాకా ఆగాలా? కౌన్సెలర్ దగ్గరికి తీసుకెళ్తే ఎక్కడ చూపించాలి, ఎంతవుతుంది? ఆయన 'అందరు పిల్లలూ చదవట్లేదా' అంటున్నారు.

ఓరుగల్లు_బిడ్డతండ్రి
అక్కా, రేపే పోయి తోల్కరండి. మా పిలగాడు ఫస్టియర్ల గిట్లనే జేసిండు. మేము సంక్రాంతి దాక ఆగినం. వచ్చినంక నెల రోజులు అన్నం సక్కగ తినలే. ఇప్పుడు ఇంటికాడ్నే ఉండి లోకల్ కాలేజీల చదువుతుండు, ఎంపీసీ ఇడిసి సీఈసీ తీసుకుండు, నవ్వుతుండు. ఫీజు మాత్రం ఒక్క రూపాయి వాపస్ ఇయ్యలే. టీసీ కోసం తిరిగి తిరిగి చెప్పులరిగినయ్.

లెక్కల_మాస్టారు
ఆవేశపడకండి. పాతికేళ్లకు పైగా జూనియర్ కాలేజీల్లో పాఠం చెప్పాను. నా చేతుల మీదుగా ఎంతమంది డాక్టర్లు, ఇంజనీర్లు అయ్యారో లెక్కపెట్టలేను. దసరా తర్వాత సీనియర్ ఇంటర్ పిల్లలు ఏడవడం మామూలే. సిలబస్ కుప్ప పడే సమయం అది. సెక్షన్ మార్చడం శిక్ష కాదమ్మా. అమ్మాయి అందుకోగలిగిన వేగంలో చెప్పే చోటికి పంపారు. పై బ్యాచ్‌లో అర్థంకాక కూర్చోవడం కన్నా అదే మేలు. ఇంటికి తెస్తే ఆ గ్యాప్ మళ్లీ పూడదు.

సీనియర్‌ఇంటర్_దాటినవాడు
సార్, సెక్షన్ మార్చడం శిక్ష కాదా? మాకెలా మార్చేవారో చెప్తాను. సోమవారం పొద్దున మెస్ పక్కన గోడకి లిస్ట్ అంటించేవాళ్లు. కింద పడినవాళ్ల పేర్లకి ఎర్ర స్కెచ్‌తో గీత. ట్రంకుపెట్టె మోసుకుని ఇంకో ఫ్లోర్‌కి పోవాలి, అందరూ టిఫిన్ ప్లేట్లతో నిలబడి చూస్తుంటారు. పాత రూమ్మేట్లతో మాట్లాడితే 'వాళ్ల టైం వేస్ట్ చేస్తున్నావ్' అని వార్డెన్ తిట్టేవాడు. మంచి లెక్చరర్లు పై బ్యాచ్‌కే వచ్చేవాళ్లు, మాకు నిన్నగాక మొన్న బీటెక్ అయినవాళ్లని పంపేవారు. ఇదేనా 'అందుకోగలిగిన వేగం'?

లెక్కల_మాస్టారు
నీ కాలేజీలో అలా చేసి ఉండొచ్చు బాబూ. అన్ని చోట్లా ఒకేలా ఉండదు. నూట ఇరవై మందిని ఒక్క గదిలో కూర్చోబెట్టి, నీట్‌లో 600 దాటేవాడికీ, ఆర్గానిక్ కెమిస్ట్రీలో రియాక్షన్ రాయలేనివాడికీ ఒకే పాఠం ఎలా చెప్పాలో నువ్వు వచ్చి చూపించు.

బెజవాడ_వకీలు
ఇది మీ అభిప్రాయం, నా అభిప్రాయం అనే దశ దాటిపోయింది మాస్టారూ. విశాఖలో నీట్ కోచింగ్ తీసుకుంటూ 2023లో చనిపోయిన పదిహేడేళ్ల అమ్మాయి కేసులో సుప్రీంకోర్టు 2025 జులై 25న తీర్పు ఇచ్చింది. చట్టం వచ్చేదాకా దేశమంతా పాటించాలని 15 మార్గదర్శకాలు పెట్టింది. మార్కుల్ని బట్టి బ్యాచ్‌లుగా విడగొట్టొద్దు, అందరి ముందూ అవమానించొద్దు, పిల్లల శక్తికి మించిన టార్గెట్లు పెట్టొద్దు అని అందులో స్పష్టంగా ఉంది. వందమంది, అంతకు మించి విద్యార్థులున్న సంస్థ కనీసం ఒక అర్హత ఉన్న కౌన్సెలర్‌ని పెట్టుకోవాలి. హెల్ప్‌లైన్ నంబర్లు హాస్టల్లో, క్లాసుల్లో పెద్ద అక్షరాలతో కనపడాలి. తెనాలి అమ్మగారూ, ప్రిన్సిపాల్‌కి రాతపూర్వకంగా అడగండి: మీ కౌన్సెలర్ ఎవరు, ఏం చదివారు, మా అమ్మాయిని ఎప్పుడు చూస్తారు అని. కాగితం మీద పెడితే జవాబు వేరేగా వస్తుంది.

లెక్కల_మాస్టారు
తీర్పు నేనూ చదివాను. బ్యాచ్‌ల దగ్గర 'వీలైనంత మేరకు' అని రాశారు. పైగా అది కోచింగ్ సెంటర్ల గురించి.

బెజవాడ_వకీలు
అన్ని విద్యాసంస్థలూ, ముఖ్యంగా కోచింగ్ సంస్థలు అని ఉంది. జూనియర్ కాలేజీ విద్యాసంస్థ కాదా? 'వీలైనంత మేరకు' అన్నది ఎర్ర స్కెచ్‌కి అనుమతి కాదు సార్.

అనంతపురం_సుజాత
మీరిద్దరూ కోర్టులో వాదించుకోండప్పా. ఆయమ్మ అడిగింది పిల్లతో ఏం మాట్లాడాలని. మా చెల్లెలి కూతురు కూడా ఇట్లే కడుపునొప్పి అనేది. మేము ముందు రక్తపరీక్షలు చేయిస్తిమి, హిమోగ్లోబిన్ మరీ తక్కువుండె. థైరాయిడ్ కూడా చూపించండి. ఒంట్లో సత్తువ లేకుంటే మనసు ఎట్ల నిలబడుతుంది? మెస్‌లో ఏం పెడ్తారో కూడా కనుక్కోండి.

వార్డు_సిస్టర్
నేను ప్రభుత్వ ఆసుపత్రి సైకియాట్రీ వార్డులో నర్సుని. పరీక్షల సీజన్లో ఇలాంటి పిల్లల్ని రోజూ చూస్తాం. రక్తపరీక్షల మాట నిజమే, చేయించండి. కానీ టెస్ట్ ముందురోజే వచ్చి, టెస్ట్ అయ్యాక తగ్గే కడుపునొప్పి చాలాసార్లు భయం వల్ల వచ్చేదే. నటన కాదు, నొప్పి నిజంగానే ఉంటుంది.

ఫోన్లో మొదటి ప్రశ్న మార్కుల మీద ఉండకూడదు. 'ఎందుకేడుస్తున్నావ్, ఊరుకో' అన్నా పిల్ల నోరు మూసుకుంటుంది. ఏడవనివ్వండి. 'చాలా కష్టంగా ఉందన్నమాట, చెప్పు, వింటున్నా' అని ఆగండి. తర్వాత సూటిగా అడగండి: 'బతకాలని లేదు అనిపిస్తోందా? చచ్చిపోవాలని ఆలోచన వస్తోందా?' అడిగితే లేని ఆలోచన పుడుతుందని అందరికీ భయం. అలా పుట్టదు. అడిగినందుకు బరువు దిగిందనే పిల్లలు చెప్తారు. అవునంటే ఆదివారం దాకా చూడొద్దు. అదే రోజు వెళ్లండి, ఒంటరిగా ఉండనివ్వకండి, వార్డెన్‌కి చెప్పి మీరు చేరేదాకా పక్కన మనిషిని పెట్టించండి.

పిల్ల 'లేదు' అంటే గనక కాస్త టైముంది. నిద్ర, ఆకలి, ఇష్టమైన వాటి మీద ఆసక్తి రెండు వారాలకు మించి పోతే డాక్టర్‌కి చూపించాలి. మీరు చెప్పినదాన్ని బట్టి ఆ హద్దు ఎప్పుడో దాటింది.

డల్లాస్_తెలుగోడు
ఇక్కడ మా హైస్కూల్లో ప్రతి పిల్లకీ ఒక కౌన్సెలర్ ఉంటారు. 988 అనే హెల్ప్‌లైన్‌కి ఫోన్ చేయొచ్చు, మెసేజ్ కూడా పెట్టొచ్చు. మన దగ్గర మాత్రం ఇంకా 'పిచ్చి డాక్టర్' అనే అంటారు.

ఓరుగల్లు_బిడ్డతండ్రి
అన్నా, మన దగ్గర్నూ ఉన్నది. టెలీ మానస్ అని సర్కారు హెల్ప్‌లైన్, 14416. 2022 అక్టోబర్‌ల మొదలువెట్టిన్రు. ఇరవైనాలుగ్గంటలు, పైసలు లేవు, తెలుగుల మాట్లాడుతరు. నేను రాత్రి రెండింటికి చేసిన. ఎవలో అమ్మాయి ఎత్తింది, మస్తు ఓపికతోని విన్నది. కానీ హాస్టల్ పిల్లకు ఫోనే ఇయ్యకపోతే నంబర్ ఉండి ఏం ఫాయిదా?

సీనియర్‌ఇంటర్_దాటినవాడు
అదే నేనూ అడుగుతున్నా. మాకు గోడ మీద నంబర్ ఉండేది, ఫోన్ వార్డెన్ జేబులో ఉండేది. అందరూ వింటుండగా వార్డెన్ పక్కన నిలబడి 'నాకు బతకాలని లేదు' అని ఎవరు చెప్తారు?

నాకు పనికొచ్చినవి చెప్తాను, అమ్మగారు పాపకి చెప్పొచ్చు. హాల్లో పేపర్ చూడగానే ఛాతీ పట్టేసేది. సైకాలజిస్టు మేడమ్ ఊపిరి నేర్పించారు: నాలుగు లెక్కపెడుతూ పీల్చడం, ఆరు లెక్కపెడుతూ వదలడం. వదిలేది ఎక్కువసేపుండాలి, అదే కిటుకు. పేపర్ బోర్లించి అలా కాసేపు చేసి, అరికాళ్లు నేలకి గట్టిగా ఆనించి, కనపడే ఐదు వస్తువుల పేర్లు మనసులో అనుకునేవాణ్ణి. ఫ్యాను, సార్ చేతి గడియారం, కిటికీ చువ్వ, ముందువాడి కాలర్, నా పెన్ను క్యాప్. అప్పుడు పేపర్ తిప్పితే అక్షరాలు అక్షరాల్లా కనపడేవి. ఒకటే షరతు, దీన్ని మామూలు రోజుల్లో సాధన చేయాలి. భయం ముంచుకొచ్చాక మొదటిసారి చేస్తే పనిచేయదు.

రాత్రి నిద్ర పట్టనప్పుడు రఫ్ నోట్ వెనక పేజీలో తలలో తిరిగేదంతా రాసేసేవాణ్ణి. 'ఫిజిక్స్ పోతుంది, నాన్న అప్పు, వెంకట్ గాడు నాతో మాట్లాడట్లేదు' అని. రాశాక వాటిలో రేపు నేను చేయగలిగిన దాని పక్కన టిక్కు పెట్టి నోట్ మూసేయడం.

లెక్కల_మాస్టారు
ఊపిరి లెక్కపెడితే కెమిస్ట్రీ వస్తుందా? చదివితే భయం దానంతటదే పోతుంది. నేను చెప్పేది క్రమశిక్షణ.

వార్డు_సిస్టర్
మాస్టారూ, భయంతో బిగుసుకున్న పిల్లకి చదివింది కూడా గుర్తు రాదు. టీనేజీలో శరీర గడియారమే ఆలస్యంగా తిరుగుతుంది, రాత్రి త్వరగా నిద్ర రాదు. ఆ వయసుకి ఎనిమిది నుంచి పది గంటల నిద్ర కావాలి. పదకొండింటి దాకా స్టడీ, అయిదింటికి బెల్లు అంటే ఆరు గంటలు కూడా దక్కవు. నిద్ర చాలక మతిమరుపు, మతిమరుపుతో మార్కులు తగ్గి, మార్కులు తగ్గి సెక్షన్ మారి, సెక్షన్ మారి ఉన్న నిద్ర కూడా దూరమైంది. ఈ పిల్లకి జరిగింది అదే.

అనంతపురం_సుజాత
సిస్టరమ్మా, డాక్టర్ దగ్గరికి పోతే నిద్రమాత్రలు ఇస్తారు, అలవాటైపోతాయి, పెళ్లప్పుడు తెలిస్తే సంబంధాలు చెడిపోతాయని మా అత్తగారు పోనీలేదు.

వార్డు_సిస్టర్
అందరు పిల్లలకీ మందులు రాయరమ్మా. చాలామందికి మాట్లాడే చికిత్సతోనే మొదలుపెడతారు. డిప్రెషన్‌కి ఇచ్చే ఫ్లూఆక్సెటిన్ లాంటివి నిద్రమాత్రలు కావు, మత్తుమందులా అలవాటు కావు. పనిచేయడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. మొదలుపెట్టిన కొత్తలో పిల్లల్ని దగ్గరుండి గమనించాలి, అది తప్పనిసరి. బాగుందని మీ అంతట మీరే ఆపకూడదు, డాక్టర్ చెప్పినట్టు తగ్గించాలి. పెళ్లి సంబంధాల మాట ఇప్పుడెందుకు? ముందు పిల్ల ఉండాలి.

అనంతపురం_సుజాత
అట్ల గద్దించాల్సిన పనిలేదు. ఊళ్లో బతికేవాళ్లకి తెలుస్తుంది ఆ బాధ.

ఓరుగల్లు_బిడ్డతండ్రి
సుజాతక్కా, పరువు కోసం ఆగితే ఏమైతదో మా తెలంగాణల 2019ల జూసినం. ఇంటర్ రిజల్ట్ల తప్పులు దొర్లినయ్. తెలుగుల 99 వచ్చిన పిల్లకు మెమోల సున్నా ఏసిన్రు. ఇరవై మందికి పైగా పిల్లలు పాణం తీసుకున్నరు. తర్వాత ఫెయిలైనోళ్ల పేపర్లు మల్ల జూస్తే వెయ్యి మందికి పైగా పాసైన్రు. గా కాగితం మీద పిల్లల విలువ కట్టొద్దు.

లెక్కల_మాస్టారు
2019 గురించి నాకు చెప్పక్కర్లేదు. అప్పుడు ఇళ్లకు వెళ్లి పరామర్శించినవాణ్ణి. తల్లిగారూ, ఒక్క మాట. అమ్మాయి ప్రాణం మీదికి వచ్చేలా ఉంటే ఇంటర్ గురించి ఆలోచించకండి. మార్చిలో పరీక్ష తప్పితే మే, జూన్లలో సప్లిమెంటరీ ఉంది. బ్యాచ్‌ల విషయంలో నా మాట మాత్రం మార్చుకోను.

తెనాలి_అమ్మ
అందరికీ నమస్కారం. నిన్న ఆదివారం ఫోన్లో మార్కుల ఊసెత్తలేదు. సిస్టర్ గారు చెప్పినట్టు సూటిగా అడిగాను. కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత 'ఎప్పుడైనా అనిపిస్తుందమ్మా' అంది. మావారు స్పీకర్లో విన్నారు. సాయంత్రానికల్లా కాలేజీకి వెళ్లి తీసుకొచ్చేశాం. వార్డెన్ అవుటింగ్ ఫారం, ప్రిన్సిపాల్ సంతకం అన్నాడు. మావారు గొడవపడ్డారు, ఇచ్చారు. రాత్రి 14416కి చేశాం, వాళ్లు దాదాపు గంట మాట్లాడారు. పాప కూడా మాట్లాడింది. గుంటూరు జనరల్ ఆసుపత్రి సైకియాట్రీ ఓపీకి రేపు వెళ్తున్నాం. రాత్రి నా పక్కనే పడుకుంది. చీటీ ఎక్కడ రాయించుకోవాలి, ఎన్నింటికి వెళ్తే మంచిది?

వార్డు_సిస్టర్
మంచి పని చేశారు. పొద్దున్నే ఎనిమిదిలోపు వెళ్లండి, ఓపీ చీటీ కౌంటర్ దగ్గర లైను పెరిగిపోతుంది. పాప ఆధార్, స్కానింగ్ రిపోర్టు తీసుకెళ్లండి. డాక్టర్‌తో పాపని కాసేపు ఒంటరిగా మాట్లాడనివ్వండి, మీరు బయట కూర్చోండి. ఇంట్లో మందులు, పురుగుమందులు ఉంటే ఈ రాత్రికే తాళం వేయండి.

సీనియర్‌ఇంటర్_దాటినవాడు
అమ్మగారూ, పాప పాత రూమ్మేట్లలో ఎవరిదైనా ఇంటి నంబర్ ఉంటే దాచండి. సెలవులకి వాళ్లు ఇళ్లకి వచ్చినప్పుడు మాట్లాడించొచ్చు. నాకు మా వెంకట్ గాడు సంక్రాంతికి వచ్చినప్పుడే మళ్లీ నవ్వొచ్చింది.

బెజవాడ_వకీలు
ఆసుపత్రి పని అయ్యాక ఫీజు రసీదులు ఫోటో తీసి నాకు పర్సనల్ మెసేజ్‌లో పెట్టండి. టీసీ ఆపితే ఏం రాయాలో చెప్తాను, డబ్బేమీ వద్దు.

ఓరుగల్లు_బిడ్డతండ్రి
వకీల్ సాబ్, నా ఫీజు సంగతి గూడ జర చూడున్రి.