ట్యూనాను కాపాడుతున్నది ప్రచారాలా, కోటాలా?

నీలికెరటం: ట్యూనా చేప డబ్బా మీద ముద్ర చూసి కొనండని స్వచ్ఛంద సంస్థలు ఏళ్ల తరబడి చెబుతున్నాయి. ట్యూనాకు ఏం ఒరిగింది? తూర్పు పసిఫిక్‌లో డాల్ఫిన్ల గుంపు చుట్టూ వల వేసి, వాటి కింద ఈదే ఎల్లోఫిన్ రకం ట్యూనాను పట్టేవారు. 1990లో, డాల్ఫిన్లకు హాని చేయకుండా పట్టిన చేప అని చెప్పే ‘డాల్ఫిన్ సేఫ్’ ముద్ర వచ్చింది. డాల్ఫిన్ల చావులు బాగా తగ్గాయి, కాదనను. కానీ చాలా పడవలు చేపలు కిందికి చేరేలా సముద్రంలో వదిలే తేలే తెప్పల వైపు మళ్లాయి. తెప్ప కింద వల వేస్తే స్కిప్‌జాక్ ట్యూనాతో పాటు ఇంకా గుడ్లు పెట్టే వయసు రాని బిగ్‌ఐ ట్యూనా పిల్లలు, సొరచేపలు, తాబేళ్లు కూడా పడతాయి.

అలలదారి: ముద్ర విషయంలో మీతో ఏకీభవిస్తాను, నీలికెరటం గారూ. కానీ ముద్ర ఒక్కటే ప్రచారం కాదు. తూర్పు అట్లాంటిక్, మధ్యధరా సముద్రాల బ్లూఫిన్ ట్యూనానే తీసుకోండి. ఏడాదికి 15,000 టన్నులు దాటొద్దని శాస్త్రవేత్తలు మొత్తుకున్నా, 2009కి అక్కడి ట్యూనా వేటను నియంత్రించే దేశాల కమిషన్ ఐసీక్యాట్ ఇచ్చిన కోటా 22,000 టన్నులు! పర్యావరణ సంస్థలు ఊరుకోలేదు. అంతర్జాతీయ వ్యాపారాన్నే నిషేధించాలని మొనాకో ప్రతిపాదించాక, 2010 కోటా 13,500 టన్నులకు దిగింది. 2010 మార్చిలో దోహాలో, అంతరించే జీవుల వ్యాపారంపై అంతర్జాతీయ ఒప్పంద సమావేశంలో ఆ ప్రతిపాదన ఓడిపోయింది. అయినా మరుసటి ఏడాది కోటా 12,900కి తగ్గింది. 2021లో, జీవజాతులకున్న ముప్పును అంచనా వేసే ఐయూసీఎన్ సంస్థ అట్లాంటిక్ బ్లూఫిన్‌ను అంతరించే ముప్పున్న జాబితా నుంచి తీసేసింది.

నీలికెరటం: అంటే కాపాడింది కోటాయే కదండీ?

అలలదారి: కోటాయే. మెడ మీద కత్తి లేకపోతే అది తగ్గేదా? అయితే ఒత్తిడి మధ్యలో ఆగితే ఏమవుతుందో హిందూ మహాసముద్రంలో చూశాం. అక్కడ ఎల్లోఫిన్‌ను మితిమీరి పట్టేస్తున్నారని 2015లోనే తేలింది. 2023 ఫిబ్రవరిలో కెన్యాలోని మొంబాసాలో జరిగిన హిందూ మహాసముద్ర ట్యూనా కమిషన్ సమావేశంలో, తేలే తెప్పల దగ్గర ఏటా 72 రోజులు వేట ఆపాలన్న ప్రతిపాదన ఓటింగ్‌లో నెగ్గింది. తర్వాత ఐరోపా సమాఖ్యతో సహా పలు సభ్యులు అభ్యంతరం పెట్టడంతో అది అమలు కాలేదు. స్వచ్ఛంద సంస్థలు ఆ సమావేశాల్లో మాట్లాడొచ్చు, ఓటు మాత్రం లేదు. చెప్పాలంటే కోపం వస్తోంది.

తీరరేఖ: పడవ మీద ఎవరు చూస్తున్నారన్నది ఇంకా పెద్ద ప్రశ్న. పశ్చిమ పసిఫిక్‌లో పెద్ద చుట్టు వలల పడవల్లో పరిశీలకులు తప్పనిసరి. పొడవాటి గాలాల పడవలకు పెట్టిన కనీస లక్ష్యం 5 శాతమే. పట్టింది ఎంత, పారేసింది ఎంత అన్నది చాలావరకు పడవవాళ్లు రాసిచ్చిన లెక్కే.

అలలదారి: సరిగ్గా చెప్పారు తీరరేఖ గారూ. ప్రచారాలు ఇప్పుడు పట్టుబట్టాల్సింది అక్కడే. డబ్బాల కంపెనీలు, సూపర్‌మార్కెట్లు కెమెరా గానీ పరిశీలకుడు గానీ లేని పడవ సరుకు కొనకూడదు. అభ్యంతరం పెట్టిన ప్రభుత్వాలను వాళ్ల పౌరులే నిలదీయాలి.