అప్‌డేట్: తాడు విప్పినా వంగే ఉండే వెదురు విల్లు, కారణం తెలిసింది

అల్లెతాడు విప్పినా నా వెదురు విల్లు వంగే ఉంటోందని పోయినేడాది అడిగాను కదా. సలహాలిచ్చిన అందరికీ థాంక్స్. తాడు మార్చాను, నూనె పట్టించాను, ఆ రెండింటితో ఏ తేడా రాలేదు. రంపచోడవరం వైపు విల్లులు చేసే ఒక పెద్దాయనకు చూపిస్తే, "లేత బొంగు బాబూ" అని ఒక్కమాటలో తేల్చేశారు. పచ్చగా, నున్నగా ఉందని మురిసిపోయి ఏరుకున్నది నేనే మరి! మూడేళ్లు దాటిన బొంగుకు కణుపుల దగ్గర పొరలు రాలిపోయి, ఒంటిమీద బూడిదరంగు మచ్చలుంటాయి; తడితే ఖంగుమంటుంది. వానలు వెనకబట్టాక నరికిన అలాంటి బొంగును మూడు నెలలు నీడలో ఆరబెట్టాను. పైచర్మం చెక్కకుండా, అది బాణం వెళ్లే వైపు ఉండేలా కొత్త విల్లు చేశాను. ఇప్పుడు తాడు విప్పితే దాదాపు నిటారుగా వస్తోంది. పాతది చిక్కుడు పాదుకు ఊతమైంది.