ఇస్రో ఫెయిల్యూర్ రిపోర్టు ఎక్కడ దొరుకుతుంది? తెలిసినవాళ్లు చెప్పండి

పెన్నాతీరం: మధ్యాహ్నం నుంచి కూర్చున్నాను, తల వేడెక్కిపోయింది. ఇస్రో వాళ్ల ఫెయిల్యూర్ రిపోర్టు ఎక్కడా దొరకడం లేదు. వెబ్‌సైట్ గాలించాను, పార్లమెంటు ప్రశ్నల్లో వెతికాను. పేపర్లలో వచ్చిన వార్తలే తప్ప అసలు కాగితం కనపడదు. ఆర్టీఐ పెడదామంటే ఫారం దగ్గరే ఆగిపోయాను. జనం డబ్బుతో కట్టిన రాకెట్ ఎందుకు పడిపోయిందో జనానికే చెప్పరా? ఎవరి దగ్గరైనా లింకు ఉంటే పెట్టండి, పుణ్యముంటుంది.

గగనవీధి: ఏ ప్రయోగం?

కాగ్‌చదువరి: చంద్రయాన్-2 అయ్యుంటుంది, అందరూ అడిగేది అదే. పూర్తి రిపోర్టు బయట పెట్టలేదండీ. ఉన్నదల్లా 2019 నవంబరు 20న లోక్‌సభలో మంత్రి జితేంద్ర సింగ్ ఇచ్చిన లిఖితపూర్వక జవాబు. చంద్రుడి నేలకు 30 కిలోమీటర్ల ఎత్తు నుంచి 7.4 కిలోమీటర్ల దాకా అంతా సవ్యంగా జరిగింది, వేగం సెకనుకు 1,683 మీటర్ల నుంచి 146కు తగ్గింది, రెండో దశలో మాత్రం అనుకున్నదానికన్నా ఎక్కువ తగ్గింది, ల్యాండర్ విక్రమ్ దిగాల్సిన చోటికి 500 మీటర్ల లోపే గట్టిగా నేలను తాకింది అని అందులో ఉంది. ఎందుకు ఎక్కువ తగ్గిందన్నది మాత్రం లేదు. ఐదు ఇంజన్లూ ఉండాల్సినదానికన్నా ఎక్కువ థ్రస్ట్ (తోసే బలం) ఇచ్చాయని, ఆ తేడాలన్నీ పోగుపడ్డాయని 2023లో అప్పటి ఇస్రో ఛైర్మన్ సోమనాథ్ గారు వివరించేదాకా మనబోటివాళ్లకు తెలీలేదు. 978 కోట్ల ఖర్చుకు సంజాయిషీ నాలుగేళ్ల తర్వాత, అదీ నోటిమాటగా. ఒక్క పేజీ రాసి వెబ్‌సైట్లో పెట్టడానికి ఏం అడ్డం?

గగనవీధి: చంద్రయాన్-2ని ఫెయిల్యూర్ అనకండి. చంద్రుడి చుట్టూ తిరిగే ఆర్బిటర్ బ్రహ్మాండంగా పనిచేసింది. 98 శాతం విజయమని అప్పటి ఛైర్మన్ శివన్ గారే చెప్పారు.

కాగ్‌చదువరి: ఆర్బిటర్ గొప్పగా పనిచేసింది, కాదనను. కానీ ల్యాండింగ్ పోయిన 2019 సెప్టెంబరు 7న 90 నుంచి 95 అన్నారు, రెండు వారాలకల్లా 98 అయింది. దేనికెన్ని మార్కులు వేసి కూడారో చెప్పని శాతాన్ని లెక్క అనలేం. దేశమంతా రాత్రి మేలుకుని చూసింది ల్యాండర్ కోసం.

గగనవీధి: మిషన్ వేరు, ల్యాండింగ్ వేరు. ముందు ఆ తేడా తెలుసుకోండి.

పులికాట్: రిపోర్టుల సంగతి సరే, జవాబుదారీ అంటే రాకెట్ పడినప్పుడు మాత్రమేనా? శ్రీహరికోట దీవిలో తరతరాలుగా ఉన్న యానాదులను కదిలించి కట్టిన ప్రయోగ కేంద్రం అది. అడవిలో తేనె, దుంపలు, మడుగుల్లో చేపలు, అవే వాళ్ల బతుకు. వాళ్లకు ఏమిచ్చారు, ఎక్కడ ఉంచారు, ఇప్పుడెంతమంది ఉన్నారు, వీటికి ముందు లెక్క చెప్పాలి. నేను సూళ్లూరుపేట వైపు మనిషిని, ఈ మాట ఎక్కడైనా అంటాను.

పెన్నాతీరం: అయ్యా, నేనడిగింది చంద్రయాన్ కాదు. పీఎస్ఎల్వీ-సీ61. 2025 మే 18న ఈఓఎస్-09 ఉపగ్రహంతో వెళ్లి మూడో దశలో పోయింది కదా, అది.

గగనవీధి: మొదటే చెప్పాల్సింది.

చట్టంమాట: దానికి లింకు వెతకొద్దు, రిపోర్టు బయట పెట్టలేదు. ఆర్టీఐ ఒక్కటే దారి. ఇస్రో ఆ చట్టం పరిధిలోనే ఉంది. 24వ సెక్షన్ కింద మినహాయింపు ఉన్న రెండో షెడ్యూలులో రక్షణ పరిశోధన సంస్థ డీఆర్‌డీఓ పేరుంది, ఇస్రో పేరు లేదు. చాలామంది ఈ రెంటినీ కలిపేసి ముందే ఆశ వదులుకుంటారు.

ఎందుకు దాచారు అని అడగకండి, దానికి జవాబు రాదు. కాగితం అడగాలి. వైఫల్యంపై విచారణ కమిటీని నియమించిన ఉత్తర్వు ప్రతి, అది నివేదిక ఇచ్చిన తేదీ, నివేదిక ప్రతి, ప్రచురించాలా వద్దా అన్నదానిపై ఫైల్ నోటింగులు (అధికారులు ఫైల్లో రాసిన అభిప్రాయాలు). ఆన్‌లైన్ ఫారంలో ఇస్రో ఉండే అంతరిక్ష శాఖను ఎంచుకుని పంపండి, ఫీజు పది రూపాయలు, గడువు 30 రోజులు. ఆ ఉపగ్రహం నిఘాకు కూడా పనికొచ్చేది కాబట్టి దేశ భద్రత మినహాయింపు, అంటే 8(1)(ఎ) సెక్షన్, చూపించి కాదనే అవకాశం ఉంది. అందుకే మొదటి దరఖాస్తులోనే 10వ సెక్షన్ రాసేయండి: రహస్యమైన భాగాలు కొట్టేసి మిగతాది ఇవ్వమని. ఉపగ్రహం రహస్యం కావచ్చు, మూడో దశ మోటారులో పీడనం పడిపోవడం ఏం రహస్యం? ప్రయోగం జరిగిన రోజే వాళ్లే చెప్పారు.

కాగ్‌చదువరి: ఇంకొకటి కూడా జత చేయండి. 2021 ఆగస్టు 12న జీఎస్ఎల్వీ-ఎఫ్10 రాకెట్ పోయినప్పుడు కారణాన్ని ఇస్రోయే ప్రచురించింది. ఒక వాల్వులో సీలు దెబ్బతిని హైడ్రోజన్ ట్యాంకులో పీడనం తగ్గిందని, అందుకే పై దశలోని క్రయో (అతిశీతల ఇంధన) ఇంజన్ అంటుకోలేదని వివరంగా ఉంది. 2022లో చిన్న రాకెట్ ఎస్ఎస్ఎల్వీ మొదటి ప్రయోగానికీ అలాగే చేశారు. అప్పుడు దేశానికి జరిగిన నష్టమేమీ లేదు, నమ్మకం పెరిగింది. నాకైతే ఇప్పటి మౌనమే బాధగా ఉంది.

డల్లాస్‌బాబాయి: నాసా షటిల్ కొలంబియా కూలింది 2003 ఫిబ్రవరి 1న, కల్పనా చావ్లా పోయింది అందులోనే. ఆగస్టుకల్లా విచారణ బోర్డు రిపోర్టు జనం చేతుల్లో ఉంది. ట్యాంకు నుంచి ఊడి రెక్కకు తగిలిన ఫోమ్ ముక్క ఒక్కటే కాదు, నాసా పని సంస్కృతి కూడా కారణమని అందులో రాశారు.

గగనవీధి: అక్కడ మనుషులు పోయారు. ఇక్కడ పోయింది ఉపగ్రహం. పోలికే లేదు.

డల్లాస్‌బాబాయి: రేపు గగన్‌యాన్‌లో వెళ్లేది మనుషులే కదా నాయనా. తప్పు ఎక్కడ జరిగిందో రాసి అందరి ముందూ పెట్టే అలవాటు ఇప్పుడే రావాలి.

చట్టంమాట: పెన్నాతీరం గారూ, ఫారం దగ్గర ఆగిపోయానన్నారు, ఏ గడి దగ్గర?

పెన్నాతీరం: పౌరసత్వం దగ్గర. నాది అమెరికా పాస్‌పోర్టు, ఓసీఐ (భారత సంతతి విదేశీ పౌరులకిచ్చే కార్డు) ఉంది.

చట్టంమాట: అసలు సంగతి అదన్నమాట. 3వ సెక్షన్ ప్రకారం సమాచారం అడిగే హక్కు భారత పౌరులకే. ఓసీఐ సరిపోదు. భారత పాస్‌పోర్టు ఉంటే ఏ దేశంలో ఉన్నా పెట్టొచ్చు. ఇక్కడున్న మీవాళ్లలో ఎవరైనా తమ పేరు మీద పెడితే సరి, ఎందుకు కావాలో చెప్పనక్కర్లేదు. జవాబు రాకపోయినా, నచ్చకపోయినా 30 రోజుల్లో మొదటి అప్పీలు వేయమనండి.

పులికాట్: పెట్టేవాళ్లు యానాదుల పునరావాసం ఫైలు కూడా అడగండి. విడిగా ఇంకో దరఖాస్తు, పది రూపాయలే.

పెన్నాతీరం: నెల్లూరులో మా పిన్ని కొడుకు ఉన్నాడు, వాడితో పెట్టిస్తాను. థాంక్సండీ.

గగనవీధి: 98 శాతం గురించి ఇంకా ఎవరూ జవాబు చెప్పలేదు.