ఇన్స్‌బ్రుక్‌లో ఒక్క రోజు: అమ్మానాన్న, ఆరేళ్ల పాపతో... ముందు కొండా, ఊరా?

మ్యూనిక్_పెద్దమ్మాయి:
జూన్ మొదటి వారంలో అమ్మానాన్నని ఆస్ట్రియాలోని ఇన్స్‌బ్రుక్ తీసుకెళ్దామనుకుంటున్నాం. నాన్నకి మంచు చూడాలని ఆశ, అమ్మకి మోకాళ్ల నొప్పులు, పాపకి ఆరేళ్లు. మ్యూనిక్ నుంచి పొద్దున వెళ్లి రాత్రికి వచ్చేయాలి. ముందు పాత ఊరు తిరగాలా, కొండెక్కాలా? వెళ్లొచ్చినవాళ్లు చెప్పండి ప్లీజ్.

రైలుబండి:
కొండే ముందండి. పోయిన సెప్టెంబర్‌లో అత్తయ్య, మామయ్యగారితో వెళ్లాం. దిగేసరికి ఆకాశం అద్దంలా ఉంది, కొండ ఎక్కడికి పోతుందిలే అని ఊళ్లో తీరిగ్గా తిరిగి మధ్యాహ్నం రెండింటికి నోర్డ్‌కెట్టె కొండ ఎక్కితే పైన తెల్లటి పొగ తప్ప ఏమీ లేదు. మామయ్యగారు ఆ మబ్బునే ఫొటో తీసి ఫ్యామిలీ గ్రూపులో పెట్టారు.
మోకాళ్లకి భయం లేదు. పాత ఊరి పక్కనే, ఆర్కిటెక్ట్ జాహా హదీద్ డిజైన్ చేసిన కాంగ్రెస్ స్టేషన్‌లో చిన్న రైలెక్కితే హుంగెర్‌బుర్గ్, అక్కడి నుంచి కేబుల్ కార్‌లో జేగ్రూబె, 1,905 మీటర్లు. ఇంకోటి మారితే హాఫెలెకార్, అది 2,200 దాటుతుంది. కింద ఊరేమో 570 మీటర్ల దగ్గర ఉంది, అంత తేడాకి మా అత్తయ్యకి తల తిరిగింది. జేగ్రూబెలో టీ తాగించి కాసేపు కూర్చోబెట్టాకే పైకి తీసుకెళ్లండి.

ఇన్_ఒడ్డున:
ఒక సవరణ. ఆకాశం అద్దంలా ఉన్నంత మాత్రాన నమ్మొద్దు. ఇక్కడ దక్షిణం నుంచి ఫ్యోన్ అని వేడి గాలి వీస్తుంది, కింద ఎండ బ్రహ్మాండంగా ఉంటుంది, పైన గాలికి కేబుల్ కార్ ఆపేస్తారు. బయల్దేరే ముందు వెబ్‌క్యామ్ చూసుకోండి.
ఇంకోటి, బయెర్న్ టికెట్ (బవేరియా లోకల్ రైళ్ల డే పాస్) సరిహద్దు దాటగానే వచ్చే కుఫ్‌స్టైన్ దాకే చెల్లుతుంది. అక్కడి నుంచి వేరే టికెట్ కొనాలి, నేను కొనకుండా కూర్చుని ఫైన్ కట్టాను.

పెరుగన్నం_డబ్బా:
శాకాహారులైతే తిండి దగ్గర జాగ్రత్త. నోడెల్ అంటే ఉండలే కదా అని ఆర్డరిస్తే మాకు స్పెక్‌నోడెల్ వచ్చింది, కోసి చూస్తే లోపల పంది మాంసం ముక్కలు. అమ్మ ఆ పూటకి ఆపిల్ స్ట్రూడల్‌తో సరిపెట్టుకుంది. అప్పట్నుంచి ఎక్కడికెళ్లినా నా యూజర్‌నేమే నాకు దిక్కు.

వరంగల్_నుంచి_వియన్నా:
పాత ఊళ్లోని బంగారు పైకప్పు (గోల్డెన్ రూఫ్) గురించి ముందే చెప్పి తీసుకెళ్లండి, లేకపోతే గుడి గోపురం ఊహించుకుంటారు. అది ఒక బాల్కనీ మీది కప్పు, అంతే. మాక్సిమిలియన్ చక్రవర్తి కట్టించింది, బంగారు పూత వేసిన రాగి పెంకులు 2,657. అయిదు నిమిషాలు చాలు.
మిగిలిన టైమంతా హోఫ్‌కిర్చె అనే చర్చికి ఇవ్వండి. మనిషి కన్నా ఎత్తైన 28 కంచు విగ్రహాలు ఆయన సమాధికి రెండు వైపులా నిలబడి ఉంటాయి, ఊరివాళ్లు వాటిని నల్ల మనుషులంటారు. ఆర్థర్ రాజు విగ్రహానికి డిజైన్ ఇచ్చింది జర్మన్ చిత్రకారుడు డ్యూరర్. ఆడవాళ్ల విగ్రహాల్ని దగ్గరికెళ్లి చూడండి, బట్టల మీది జరీ పువ్వుల్ని కూడా కంచులోనే తీశారు. ఇంతా చేస్తే సమాధి ఖాళీ, ఆయన్ని పాతిపెట్టింది వియన్నా దగ్గరి వీనర్ నొయ్‌స్టాట్‌లో. ఈ మాట చెప్పగానే మా నాన్న "పెళ్లికొడుకు లేకుండా ఇంత పందిరా?" అన్నారు.

మ్యూనిక్_పెద్దమ్మాయి:
వెళ్లొచ్చాం, అందరికీ థాంక్స్! తొమ్మిదిన్నరకల్లా పైనున్నాం. హాఫెలెకార్‌లో నీడ పట్టున కొంచెం మంచు మిగిలి ఉంది, మురికిగానే ఉందిగానీ నాన్నకి అదే హిమాలయం. ఖాళీ అయిన పెరుగన్నం డబ్బా నిండా నింపుకుని మూత బిగించారు. హోఫ్‌కిర్చెలో పాప విగ్రహాలు లెక్కపెడుతుంటే వెనక అమ్మ గొడవ, డబ్బా కారి హ్యాండ్‌బ్యాగ్‌లో పాస్‌పోర్టులు తడిశాయని.