హెడ్‌ఫోన్స్‌లో వినిపించే ప్రసంగం ఫోన్ స్పీకర్‌లో మాయమవుతోంది. చర్చి లైవ్ గురించి సాయం కావాలి

వెనక బెంచీ:

అందరికీ వందనాలు. మా సంఘంలో ఆదివారం ఆరాధన లైవ్ పెట్టే పని ఏడాదిన్నరగా నేను చూస్తున్నాను. ఇన్నాళ్ళూ హెడ్‌ఫోన్స్ పెట్టుకుని ల్యాప్‌టాప్ ముందు కూర్చుని, అంతా బాగానే వెళ్తోందని నమ్మాను.

పోయిన ఆదివారం నా పని ఇంకో తమ్ముడికి అప్పగించి, మా సంఘంలోని ఒక పెద్దావిడ ఇంటికి వెళ్ళాను. తుంటి ఎముక విరిగి ఆర్నెల్లుగా ఆవిడ మంచం మీదే ఉన్నారు. మేం పెట్టే లైవే ఆవిడకి మందిరం. పక్కన కుర్చీ వేసుకుని, మొదటి పాట నుంచి ఆశీర్వాదం దాకా ఆవిడ ఫోన్‌లోనే చూశాను.

ఫోన్ వాల్యూమ్ పూర్తిగా పెంచి, స్పీకర్ ఉన్న అంచుని చెవికి ఆనించుకుని వింటున్నారు. అలా పట్టుకుంటే బొమ్మ కనబడదు. కాసేపు మాట వింటారు, కాసేపు ఫోన్ ముందుకు తెచ్చి పాస్టర్ గారిని చూస్తారు. రెండూ ఒకేసారి దొరకడం లేదు. పాస్టర్ గారి మాట బావిలోంచి వస్తున్నట్టుంది. ఫ్యాన్ల హోరు, ఎవరో దగ్గడం, కుర్చీ జరపడం మాత్రం స్పష్టంగా వినిపిస్తున్నాయి. నేను అక్కడే నా ఫోన్‌కి హెడ్‌ఫోన్స్ తగిలించి అదే వీడియో పెట్టాను. మాట బాగానే వచ్చింది! కొంచెం ఎకో ఉంది, గొంతు ఎదురుగా కాకుండా తల చుట్టూ ఉన్నట్టు అనిపించింది, అంతే.

"నా ఫోన్ పాతదైపోయింది నాయనా" అన్నారావిడ. ఆర్నెల్లుగా అలాగే వింటున్నారు, ఒక్కసారి కూడా ఫిర్యాదు చేయలేదు. అప్పటి నుంచి నాకు మనసు మనసులో లేదు.

మా సామాను ఇది. 12 ఛానెళ్ళ మిక్సర్. దాని ఆక్స్ అవుట్ (హాల్ స్పీకర్లకి కాకుండా వేరే మిక్స్ బయటికి పంపే సాకెట్) నుంచి పెద్ద పిన్ స్టీరియో కేబుల్, రెండో చివర చిన్న పిన్, అది యూఎస్‌బీ సౌండ్ కార్డు లైన్ ఇన్‌లోకి వెళ్తుంది. బాల్కనీలో హ్యాండీక్యామ్, హెచ్‌డీఎంఐ క్యాప్చర్ కార్డు ద్వారా ల్యాప్‌టాప్‌కి. లైవ్ పంపే సాఫ్ట్‌వేర్ ఓబీఎస్‌లో 1080పి, సెకనుకి 30 ఫ్రేములు. నెట్ వైఫై మీదే.

బొమ్మ కూడా గొప్పగా లేదు. పుల్పిట్ వెనక పెద్ద కిటికీ ఉంది. పాస్టర్ గారి ముఖం నల్లగా పడుతోంది. పాట కోసం స్క్రీన్ వెలిగినప్పుడల్లా ఇంకా నలుపు. లైట్ల వల్ల బొమ్మలో సన్నని చారలు పైకి పాకుతున్నట్టు కనిపిస్తాయి. కొత్త కెమెరా కొందామని కమిటీలో మాట వచ్చింది. దేనితో మొదలుపెట్టాలో చెప్పండి.

మిక్సర్ దగ్గర అక్క:

తమ్ముడూ, వందనాలు. కెమెరా మాట కాసేపు పక్కన పెట్టమని కమిటీకి చెప్పు. బొమ్మ మసకగా ఉన్నా జనం వాక్యం వింటారు, మాట అర్థం కాకపోతే ఎంత మంచి బొమ్మయినా మూసేస్తారు. పైగా నీ సమస్య ఒక్క కేబుల్ దగ్గర ఉందని నా నమ్మకం. 11 ఏళ్ళు సౌండ్ పరిచర్యలో ఉన్నాను, ఈ తప్పు నేనూ చేశాను, మూడు సంఘాల్లో సరిచేశాను కూడా.

చాలా మిక్సర్లలో ఆక్స్ అవుట్ బ్యాలెన్స్‌డ్‌గా ఉంటుంది. అంటే పిన్ కొసన ఒక సిగ్నల్, నడిమి రింగులో అదే సిగ్నల్ తలకిందులుగా. దూరం పోయే కేబుల్‌లో చేరిన రొదని అవతలి యంత్రం కొట్టేయడానికి ఆ ఏర్పాటు. నీ యూఎస్‌బీ కార్డుకి ఆ సంగతి తెలియదు. కొసని ఎడమ చెవి అనుకుంటుంది, రింగుని కుడి చెవి అనుకుంటుంది. హెడ్‌ఫోన్స్‌లో రెండు చెవులకీ విడివిడిగా వెళ్తాయి కాబట్టి మాట వినిపిస్తుంది, తల చుట్టూ ఉన్నట్టు అనిపించడం అందుకే. ఒక్క స్పీకరున్న ఫోన్ ఎడమనీ కుడినీ కలిపేస్తుంది. ఒకటి పైకి, ఒకటి కిందికి. కలిస్తే సున్నా.

మరి ఫ్యాన్ల హోరు ఎందుకు వినిపించింది? హెచ్‌డీఎంఐతో పాటు హ్యాండీక్యామ్ సొంత మైక్ కూడా ఓబీఎస్‌లోకి వస్తోంది, దాన్ని మ్యూట్ చేయలేదు. మిక్సర్ నుంచి వచ్చిన మాట ఫోన్‌లో పూర్తిగా చచ్చిపోయింది, ఆవిడ విన్నదంతా బాల్కనీలోని కెమెరా మైక్. హెడ్‌ఫోన్స్‌లో నీకు వచ్చిన ఎకో కూడా అదే.

రుజువు కావాలంటే ఓబీఎస్‌లో రికార్డింగ్ పెట్టి, అడ్వాన్స్‌డ్ ఆడియో ప్రాపర్టీస్‌లో ఆ సౌండ్ కార్డు బ్యాలెన్స్ స్లైడర్‌ని పూర్తిగా ఒక పక్కకి తోసేయి. ఆ రికార్డింగ్‌ని ఫోన్ స్పీకర్‌లో విను. మాట తిరిగి వచ్చిందంటే దొంగ దొరికినట్టే. అక్కడే ఉన్న మోనో బటన్ మాత్రం నొక్కకు. ఫోన్ చేసే పనినే అది ల్యాప్‌టాప్‌లో చేస్తుంది, మాట అందరికీ పోతుంది.

శాశ్వతంగా బాగవ్వాలంటే బ్యాలెన్స్‌డ్ ఇన్‌పుట్ ఉన్న ఆడియో ఇంటర్‌ఫేస్ పెట్టు. అప్పుడు రెండు చివరలా ఆ పెద్ద స్టీరియో పిన్నే ఉన్న కేబుల్ వేస్తే సరిపోతుంది. ఉన్న కార్డుతోనే నడపాలంటే కొసని మాత్రమే ఎడమ కుడి రెండింటికీ కలిపి, రింగుని దేనికీ తగిలించకుండా వదిలేసిన కేబుల్ చేయించు. ఇంకా సన్నగా హమ్ (కరెంటు గుర్రుమనే రొద) వస్తే మధ్యలో ఐసొలేషన్ ట్రాన్స్‌ఫార్మర్ (రెండు యంత్రాల మధ్య తీగల నేరు లంకె తెంచి, మాటని మాత్రం పోనిచ్చేది) పెట్టు. హమ్ పోతుందని ప్లగ్గులో ఎర్త్ పిన్ పీకేసేవాళ్ళున్నారు. అది ప్రాణాల మీదికి వచ్చే పని, చేయొద్దు.

కెమెరా మైక్ మ్యూట్ చేశాక ఒకసారి విని రాయి. అప్పుడు ఇంకో లోటు కనిపిస్తుంది నీకు.

వెనక బెంచీ:

అక్కా, స్లైడర్ తోయగానే నా ఫోన్‌లో మాట వచ్చేసింది! సాయంత్రం ఖాళీ మందిరంలో కూర్చుని నాలుగుసార్లు విన్నాను. మీరన్న ఇంకో లోటు కూడా తెలిసింది. కెమెరా మైక్ ఆపేశాక పాత ఆదివారం పాట ఒకటి మల్టీట్రాక్ (ఒక్కో మైక్ విడివిడిగా ఉన్న రికార్డింగ్) నుంచి వేసి చూశాం. పాడేవాళ్ళు గదిలో ఒంటరిగా నిలబడి పాడుతున్నట్టుంది. సంఘం గొంతు లేదు. కీబోర్డు మరీ పెద్దగా ఉంది, డ్రమ్స్ అసలు లేనట్టే.

మిక్సర్ దగ్గర అక్క:

అదే నేను చెప్పబోయింది. మందిరంలో కూర్చున్నవాళ్ళకి డ్రమ్స్ నేరుగా వినిపిస్తాయి, మైక్ అక్కర్లేదు. అందుకే మిక్సర్‌లో వాటిని తగ్గించి ఉంచుతాం. లైవ్‌లో చూసేవాళ్ళకి మిక్సర్ ఇచ్చిందే లోకం. అందుకని ఆ ఆక్స్ మీద లైవ్ కోసం వేరే మిక్స్ కట్టాలి. ఆ ఆక్స్ పోస్ట్ ఫేడరా (ఫేడర్, అంటే ఛానెల్ వాల్యూమ్ మీట, దాటాక సిగ్నల్ తీసేది) ప్రీ ఫేడరా (దానికి ముందే తీసేది) చూసుకో. పోస్ట్ అయితే ఎవరైనా ఫేడర్ తగ్గించినప్పుడు లైవ్‌లోనూ తగ్గుతుంది, పాట అయ్యాక పాడేవాళ్ళ మైకులు వాటంతటవే మూతపడతాయి. ఒక్కరే రెండు పనులూ చూసే చోట నేను పోస్టే పెడతాను.

సంఘం గొంతుకి రెండు కార్డియాయిడ్ మైకులు కావాలి. వేదిక రెండు అంచుల దగ్గర స్టాండు మీద ఎత్తుగా, మనుషుల వైపు తిప్పి పెట్టు. వాటి వీపు స్పీకర్ల వైపు ఉండాలి, కార్డియాయిడ్ వెనక నుంచి తక్కువ తీసుకుంటుంది. వీటిని హాల్ స్పీకర్లలోకి ఒక్క చుక్క కూడా పంపకు, ఈల పుడుతుంది. లైవ్ ఆక్స్‌లోకి మాత్రమే. మైకులు మందిరం వెనక పెట్టొద్దని ఎందుకంటున్నానంటే, శబ్దం సెకనుకి సుమారు 343 మీటర్లు పోతుంది. స్పీకరుకి 15 మీటర్ల దూరాన మైక్ పెడితే అదే మాట దాదాపు 44 మిల్లీసెకన్లు ఆలస్యంగా రెండోసారి వస్తుంది. నీ పాత ఎకో మళ్ళీ మొదలు.

పాటలప్పుడు ఆ మైకులు పైకి, ప్రసంగం మొదలవగానే బాగా కిందికి. ఈ ఒక్క పనికి ఒక మనిషి వేలు ఫేడర్ మీదే ఉండాలి. ఆమెన్ దగ్గర కొంచెం లేపితే ఇంట్లో ఉన్నవాళ్ళకి తామూ ఆ వరసలో కూర్చున్నట్టుంటుంది. నాకు ఈ పరిచర్యలో చాలా ఇష్టమైన పని ఇది.

పాస్టర్ గారి మైక్‌కి 100 హెర్ట్జ్ దగ్గర హై పాస్ (అంతకన్నా కింది గుమగుమని తగ్గించేది), 3:1 దగ్గర కంప్రెసర్ (గట్టి మాటకీ మెల్లని మాటకీ తేడా తగ్గించేది). మాటలప్పుడు ఓబీఎస్ మీటర్ సుమారు మైనస్ 18 డీబీ (డెసిబెల్, శబ్దం కొలత), గట్టిగా అన్నప్పుడు మైనస్ 6 దాకా పోవచ్చు, సున్నా తాకకూడదు. చివర లిమిటర్ (పెట్టిన హద్దు దాటనివ్వనిది). పుల్పిట్ మైక్‌కి దూరంగా నిలబడే అలవాటు ఉంటే మెల్లగా చెప్పి చూడు. బయట కొలిస్తే దూరం రెట్టింపైన ప్రతిసారీ మాట 6 డీబీ తగ్గుతుంది, గది రొద మాత్రం అలాగే ఉంటుంది. హెడ్‌సెట్ మైక్ పెడితే తల ఎటు తిప్పినా ఆ గొడవ ఉండదు. కెమెరాకి దాచిన డబ్బులో కొంచెం దీనికి అడుగు.

మూడు కాళ్ళ స్టాండ్:

అక్క సౌండ్ చెప్పారు, నేను బొమ్మ గురించి చెప్తాను. ఉన్న కెమెరా చాలు బ్రదర్.

కిటికీకి మందపాటి తెర వేయండి. సగం బాధ అక్కడే పోతుంది. ఆ తర్వాత పుల్పిట్‌కి ఎదురుగా, కొంచెం పక్కల నుంచి, కంటికన్నా కాస్త ఎత్తులో రెండు లైట్లు. నెత్తిమీద లైటొక్కటే ఉంటే కళ్ళ కింద గుంటలు పడతాయి.

కెమెరాలో ఎక్స్‌పోజర్ (వెలుతురు), వైట్ బ్యాలెన్స్ (రంగు) రెండూ ఆటో నుంచి మాన్యువల్‌కి మార్చేయండి. స్క్రీన్ వెలిగినప్పుడు ముఖం నల్లబడేది ఆటో వల్లే. వెలుతురు ఎక్కువైందని కెమెరా బొమ్మ మొత్తాన్నీ తగ్గిస్తోంది. చారలకి షట్టర్ (ఒక్కో ఫ్రేముకి కెమెరా వెలుతురు తీసుకునే సమయం, సెకన్లలో) చూడండి. కరెంటు 50 హెర్ట్జ్ ఉన్న దేశాల్లో 1/50 లేదా 1/100, 60 హెర్ట్జ్ ఉన్నచోట 1/60 లేదా 1/120. లైట్ల మిణుకుతో షట్టర్ కలిస్తే చారలు ఆగిపోతాయి. డిమ్మర్ మీద ఉన్న కొన్ని ఎల్‌ఈడీలు అప్పుడూ మొండికేస్తాయి, వాటిని పూర్తి వెలుగులో పెట్టండి.

బాల్కనీ నుంచి తీస్తే నడినెత్తి కనిపిస్తుంది. కెమెరాని కిందికి, పాస్టర్ గారి కంటి ఎత్తుకి తెండి. దూరమైతే ఆప్టికల్ జూమ్ వరకే వాడండి, డిజిటల్ జూమ్ ఆపేయండి. పాట సాహిత్యం కోసం స్క్రీన్‌ని కెమెరాతో తీయకండి, ఆ కంప్యూటర్ నుంచే ఓబీఎస్‌లోకి తీసుకుని బొమ్మ కింద పెద్ద అక్షరాల్లో పెట్టండి. ఫోన్ చూస్తున్న పెద్దవాళ్ళు కూడా పాడగలగాలి కదా.

కేబుల్ చాలు:

ఒక్క మాట. వైఫై వదిలేసి రౌటర్ నుంచి నెట్ కేబుల్ లాగండి. మామూలు ఈథర్నెట్ 100 మీటర్ల దాకా పోతుంది. ఖాళీ మందిరంలో బాగా పనిచేసిన వైఫై, ఆదివారం అందరి ఫోన్లూ ఎక్కాక పనిచేయదు. జనం ఉన్నప్పుడే అప్‌లోడ్ వేగం కొలిచి, అందులో సగానికి మించని బిట్‌రేట్ (లైవ్ సెకనుకి పంపే డేటా) పెట్టండి. 1080పి ఆగి ఆగి వెళ్ళేకన్నా 3 నుంచి 4 ఎంబీపీఎస్‌తో 720పి నిలకడగా వెళ్ళడం మేలు. ఓబీఎస్‌లో రేట్ కంట్రోల్ సీబీఆర్ (బిట్‌రేట్ మారకుండా ఉంచేది), కీఫ్రేమ్ (బొమ్మ మొత్తాన్నీ కొత్తగా పంపే ఫ్రేము) 2 సెకన్లకి ఒకటి. యూట్యూబ్‌లో లేటెన్సీ (లైవ్ చేరడానికి పట్టే ఆలస్యం) నార్మల్‌లో ఉంచండి, చూసేవాళ్ళ ఫోన్‌కి ముందుగా నింపుకునే సమయం దొరుకుతుంది.

వెనక బెంచీ:

అందరికీ కృతజ్ఞతలు. రెండు ఆదివారాలు అయ్యాయి. కేబుల్ మార్చాం, కిటికీకి తెర వేశాం, నెట్ కేబుల్ లాగాం. కెమెరా కొనడం ఆపి హెడ్‌సెట్ మైక్‌కి కమిటీ ఒప్పుకుంది. సంఘం మైకులు ప్రస్తుతానికి అరువు తెచ్చినవి.

నిన్న మళ్ళీ ఆవిడ ఇంటికి వెళ్ళాను. ఫోన్‌ని దిండుకి ఆనించి, రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని చూస్తున్నారు. రెండో పాటలో చటుక్కున నా వైపు తిరిగి, ఆడవాళ్ళ వైపు పాడుతున్న ఒకామె పేరు చెప్పి, "అది దాని గొంతే కదూ? ఊరి నుంచి వచ్చిందా?" అని అడిగారు. వచ్చింది. ఆ సంగతి ఆవిడకి ఎవరూ చెప్పలేదు, పాటలో విని పట్టుకున్నారు.

ఇంకొక్క పని మిగిలింది. పెదవుల కన్నా మాట ముందు వస్తోంది. బొమ్మ క్యాప్చర్ కార్డులో ఆగుతోంది కాబట్టి ఓబీఎస్ సింక్ ఆఫ్‌సెట్‌లో ఆడియోని ఆలస్యం చేయాలని అర్థమైంది, కానీ ఎన్ని మిల్లీసెకన్లు?

మిక్సర్ దగ్గర అక్క:

పుల్పిట్ దగ్గర ఒకరిని నిలబెట్టి మైక్ ముందు చప్పట్లు కొట్టించి రికార్డ్ చెయ్. ఎడిటింగ్ యాప్‌లో తెరిచి, శబ్దం మొదలైన చోటి నుంచి అరచేతులు కలిసే ఫ్రేము దాకా లెక్కపెట్టు. 30 ఫ్రేముల వీడియోలో ఒక్కో ఫ్రేము సుమారు 33 మిల్లీసెకన్లు. 4 ఫ్రేములు వస్తే 133 పెట్టి మళ్ళీ కొట్టించు. శనివారం రాత్రి పెట్టుకోకు, మధ్యలో ఒక రోజు చూడు. సంఘం మైకులు ఆ ఆక్స్‌లోంచే వస్తున్నాయి కాబట్టి వాటికి వేరే నంబర్ అక్కర్లేదు.