అప్‌డేట్: బ్రేకు పెడల్ గట్టిపడింది, తప్పు నాదే

1990 నాటి నా మాజ్డా ఎమ్ఎక్స్-5 కారుకి ముందు చక్రాల కాలిపర్లు (బ్రేకు ప్యాడ్లను డిస్కుకు అదిమే భాగాలు) విప్పి బాగుచేసి, రబ్బరు గొట్టాల బదులు స్టీలు అల్లిక గొట్టాలు వేశాక పెడల్ స్పాంజిలా దిగిపోతోందని అడిగాను కదా. మాస్టర్ సిలిండర్ (పెడల్ తొక్కితే బ్రేకు ద్రవాన్ని గొట్టాల్లోకి తోసేది) పోయిందని ఎక్కువమంది అన్నారు. కొత్తది కొనబోయాను కూడా. ఒక్కరు మాత్రం, "గాలి తీసే నిపుల్ పైకి ఉందా, కిందికి ఉందా?" అని అడిగారు.

చక్రం విప్పి చూస్తే కిందికే ఉంది! కుడి కాలిపర్‌ను ఎడమకు, ఎడమదాన్ని కుడికి బిగించాను. బ్రేకు ద్రవంలో గాలి చిక్కితే పెడల్ మెత్తబడుతుంది, ఆ గాలి పైకి చేరుతుంది. నిపుల్ అడుగున ఉంటే ద్రవమే వస్తుంది, బుడగ పైన తిష్ఠ వేస్తుంది. మూడుసార్లు గాలి తీసినా సీసాలో బుడగ కనబడకపోతే పని చక్కగా అయిందని మురిసిపోయాను, అదీ నా తెలివి.

రెండూ అటూఇటూ మార్చి, రాగి వాషర్లు కొత్తవి వేశాను. ఎప్పుడో మూత తీసిన డాట్ 4 రకం బ్రేకు ద్రవాన్నీ వాడలేదు. అది తేమ పీలుస్తుంది. కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల సెల్సియస్ ఉండే మరుగు స్థానం తేమ చేరాక 155 దాకా పడిపోవచ్చు. ఈసారి నిపుల్ వదులు చేయగానే బుడగలు గుడగుడమంటూ వచ్చాయి.

పెడల్ ఇప్పుడు పైనే గట్టిగా ఆగుతోంది. స్టీలు గొట్టాల వల్ల తేడా ఏమైనా ఉందా అంటే, నా పాదానికైతే తెలియలేదు.