బోర్డులో ఆడవాళ్లుంటే కంపెనీ కొత్తగా ఆలోచిస్తుందా? లెక్కలో ఎలా చూపించాలి?

నమస్కారమండీ. బరంపురంలో ఎం.కాం. చదువుతున్నాను. ఇంట్లో తెలుగు, కాలేజీలో ఒడియా, ప్రాజెక్టేమో ఇంగ్లీషులో, అందుకే బుర్ర తిరుగుతోంది.

మహిళా డైరెక్టర్లు ఎక్కువున్న కంపెనీలు ఆర్ అండ్ డీ (పరిశోధన, అభివృద్ధి) మీద ఎక్కువ ఖర్చు పెడుతున్నాయా అన్నది నా టాపిక్. 2013 కంపెనీల చట్టం ప్రకారం లిస్టెడ్ (షేర్ మార్కెట్లో నమోదైన) కంపెనీల్లో కనీసం ఒక మహిళా డైరెక్టరు ఉండాలి. 2020 ఏప్రిల్ 1 నుంచి మార్కెట్ విలువలో టాప్ 1000 లిస్టెడ్ కంపెనీల్లో ఒక మహిళా ఇండిపెండెంట్ డైరెక్టరు (యజమానుల కుటుంబంతో, కంపెనీ వ్యాపారంతో సంబంధం లేనివారు) తప్పనిసరి అని షేర్ మార్కెట్‌ని నియంత్రించే సెబీ రూలు. పేర్లు యాన్యువల్ రిపోర్టులో ఉంటాయి, ఆర్ అండ్ డీ ఖర్చు డైరెక్టర్ల నివేదికలో టెక్నాలజీ అబ్జార్ప్షన్ అనే చోట దొరుకుతోంది. ఇంతవరకూ బానే ఉంది.

చిక్కల్లా మా పిన్నితోనే. బాబాయి జీడిపప్పు కంపెనీలో (ప్రైవేట్ లిమిటెడ్, ఈ రూలు దానికి వర్తించదు లెండి) ఆవిడ పేరుకే డైరెక్టరు, పిండి చేతులు చీరకొంగుకి తుడుచుకుని చదవకుండానే సంతకం పెట్టేస్తుంది. కానీ వంద గ్రాముల జిప్ ప్యాకెట్ ఐడియా ఆవిడదే! మినిట్స్ పుస్తకంలో ఆ ముక్క లేదు, పేటెంటూ లేదు. లిస్టెడ్ కంపెనీల్లో కూడా ఇలాంటివాళ్లుంటే నా లెక్కకేం విలువ?

ప్రమోటర్ల (కంపెనీ పెట్టి నడిపించేవాళ్ల) కుటుంబం వాళ్లని, ఇండిపెండెంట్ డైరెక్టర్లని వేరువేరుగా చూపించాలా? పెద్ద కంపెనీలకి మహిళా డైరెక్టర్లూ, ఆర్ అండ్ డీ ఖర్చూ రెండూ ఎక్కువే ఉంటాయి కదా, ఆ తేడా ఎలా తీసేయాలి? ముప్పై కంపెనీలు, ఐదేళ్లు చాలంటున్నారు మా గైడు, నాకైతే నమ్మకం కలగట్లేదు. ఎవరైనా ఇలాంటి పని చేసుంటే చెప్పండి ప్లీజ్, సినాప్సిస్ వచ్చే వారమే ఇవ్వాలి.